పద్నాలుగుగారికి రబ్బరు చికిత్స

మా గోగులంక నివాస ధ్రువపత్రాల కార్యాలయంలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. స్టాకు రిజిస్టరులో దాని నంబరు పద్నాలుగు. పదమూడు ఇనప బీరువా, పదిహేను ప్రింటరు. పదేళ్ళపాటు మేమంతా దాన్ని కంప్యూటరు అనే పిలిచాం. నెమ్మదించినప్పుడు పక్కన అరచేత్తో ఒకటి తట్టేవాళ్ళం. మిగతావాళ్ళకంటే నేను కాస్త గట్టిగానే తట్టేవాణ్ణి. ఇప్పుడు ఈ మాట ఒప్పుకోవడానికి నాకు భయం లేదు. అప్పటికింకా సర్క్యులరు రాలేదు.

సర్క్యులరు జూన్ నెలలో వచ్చింది. ప్రధాన కార్యాలయంలో ఒక పెద్ద అధికారి మూడు రోజుల శిక్షణ శిబిరానికి వెళ్ళి, మనసు పూర్తిగా మారిపోయి తిరిగొచ్చారని చెప్పుకున్నారు. ఆ మార్పు కాగితం మీద ఇలా ఉంది: "ఇకమీదట కార్యాలయములలోని కంప్యూటర్లను యంత్రములుగా పరిగణించరాదు. అవి డిజిటల్ సహోద్యోగులు. మానవ సహోద్యోగులకు వర్తించు సమస్త సేవా నిబంధనలు, గౌరవ మర్యాదలు వారికిని వర్తించును."

చాలా ఆఫీసుల్లో ఈ కాగితాన్ని ఫైలులో పెట్టి మరిచిపోయారు. మా ఆఫీసరు విశ్వంభరరావుగారు అలాంటివారు కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన ఏ సర్క్యులరునూ చదవకుండా వదల్లేదు, చదివినదాన్ని అమలు చేయకుండా వదల్లేదు. మనిషి చెడ్డవారని మాత్రం ఎవరూ అనలేరు. లంచం మాట వినపడితే గదిలోంచి లేచి వెళ్ళిపోయేవారు. మధ్యాహ్నం తన క్యారేజీలో కూర మా అందరికీ వడ్డించాకే తను తినేవారు. పుస్తకంలో లేని పని చేయమంటే మాత్రం ఆయనకు చెమటలు పట్టేవి.

ఆ సాయంత్రమే నన్ను పిలిచారు. నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని.

"పేరయ్యగారూ, పద్నాలుగుగారికి సర్వీసు పుస్తకం తెరవండి."

"ఎవరికండీ?"

ఆయన కళ్ళజోడు మీదుగా కంప్యూటరు వైపు చూశారు. నాకు అర్థమైంది.

సర్వీసు పుస్తకం తెరవడం అనుకున్నంత తేలిక కాలేదు. పుట్టిన తేదీ గడిలో కంప్యూటరు ఆఫీసుకు వచ్చిన తేదీ వేస్తే వయసు పదేళ్ళని తేలింది. అంటే పదేళ్ళ పిల్లాడి చేత ప్రభుత్వ పని చేయించుకుంటున్నామన్నమాట. ఆఫీసరుగారు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి కంప్యూటరుకు ఒక ఏడాది మనిషికి ఐదున్నరేళ్ళతో సమానమని తేల్చి, యాభై ఐదు వేయించారు. తండ్రి పేరు గడిలో "కొటేషన్ల ద్వారా సేకరించడమైనది" అని రాశాను. గుర్తింపు చిహ్నాలు రెండు: కుడి పక్క పొడవాటి గీత, నుదుటి మీద ఎంత గోకినా ఊడిరాని స్టిక్కరు.

రోజూ ఉదయం పదిన్నరకు హాజరు పట్టీలో పద్నాలుగుగారి తరఫున నేను పొట్టి సంతకం చేసేవాణ్ణి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా ఆయనకు భోజన విరామం. ఆ గంటసేపు ఎంత పెద్ద వరస నిలబడ్డా తెర ఆర్పేసేవాళ్ళం. పక్కన తట్టడం శిక్షార్హమైంది.

ఇలా ఐదు వారాలు గడిచాయి. ఆరో వారం సోమవారం పదకొండు గంటలకు పద్నాలుగుగారు పడిపోయారు.

అప్పుడు కిటికీ ముందు ఉన్నది సత్యవేణి. ముప్పై రెండేళ్ళ మనిషి. ఏటి పాయలో కొబ్బరికాయల పడవ పదేళ్ళుగా సొంతంగా నడుపుతోంది. గోగులంక రేవులో జనాన్నీ బళ్ళనీ దాటించే సర్కారు పంటును నడపడానికి సరంగు కావాలని పరీక్ష పెడితే, ఇరవై ముగ్గురిలో ఆమె ఒక్కతే నెగ్గింది. ఆ రోజు ఎదురుగాలిలో పంటును ఒక్క దెబ్బ తగలకుండా గట్టుకు చేర్చిందని రేవులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక ఆమెకు కావలసింది ఈ ఒడ్డునే నివాసం ఉంటున్నట్టు మా ఆఫీసు ఇచ్చే కాగితం. దాన్ని శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు జిల్లా కేంద్రంలో అందజేయాలి. అందకపోతే ఉద్యోగం రెండో స్థానంలో ఉన్నవాడికి పోతుంది.

ఆమె వివరాలు సగం ఎక్కించేసరికి తెర నీలంగా మారింది. తెల్ల అక్షరాలు ఏవేవో వచ్చాయి. తర్వాత నల్లబడింది. ఆపి మళ్ళీ వేస్తే లోపలి నుంచి మూడు పొడుగాటి కూతలు వినిపించాయి. తెర మాత్రం వెలగలేదు.

విశ్వంభరరావుగారు గదిలోంచి వచ్చి రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డారు.

"విధి నిర్వహణలో ఉండగా స్పృహ కోల్పోయారు. సమయం నోట్ చేయండి. వైద్య పరీక్ష జరిగే వరకు ఎవరూ తాకరాదు. ఈ పూటకి అర రోజు సాధారణ సెలవు తగ్గించండి."

సత్యవేణి కిటికీ ఊచలకు తల ఆనించి చూసింది. "ఎవరికండీ బాగోలేదు?"

"పద్నాలుగుగారికి," అన్నాను.

"ఆయనెవరండీ?"

చూపించాను. ఆమె కంప్యూటరును చూసింది, నన్ను చూసింది. "అది పాడైందంటే బస్టాండు దగ్గర ఖాదర్ బాబాయిగారు బాగుచేస్తారండి. పిలుచుకొస్తాను," అని నేను సమాధానం చెప్పేలోపే వెళ్ళిపోయింది.

ఖాదర్ వలీకి యాభై ఏళ్ళుంటాయి. ఆ ఊళ్ళో ఇంటర్నెట్టు రాకముందు నుంచీ కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు. మా కంప్యూటరును పదేళ్ళ కిందట అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది ఆయనే. వచ్చీ రాగానే గోడ ప్లగ్గు చూశాడు, తెర వెనక తీగ పీకి మళ్ళీ బిగించాడు, మీట నొక్కి చెవి దగ్గర పెట్టాడు. మూడు కూతలు.

"ర్యామ్ అండి ఇది. లోపల జ్ఞాపకం పెట్టుకునే చిన్న పలక ఉంటాది. దుమ్ముకో చెమ్మకో పట్టు వదిలేస్తాది. విప్పి, ఆ బంగారు అంచుని పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ కూర్చోబెడితే లేచిపోద్దండి. రెండు నిమిషాల పని."

జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. విశ్వంభరరావుగారు మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏం చేయబోతున్నారు?"

"పక్క రేకు విప్పుతానండి."

"స్పృహలో లేని సహోద్యోగి ఆచ్ఛాదనను నలుగురి ఎదుట తొలగించడమా? అదీ ఇనుప ఆయుధంతో? మీ వైద్య అర్హత ఏమిటి?"

"అర్హతేటండీ. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని."

"అనుభవం వేరు, అర్హత వేరు. గుర్తింపు పొందిన వైద్యాధికారి ధ్రువీకరించనిదే ఈ శరీరం మీద ఎటువంటి శస్త్రచికిత్సకూ నేను అనుమతించలేను."

ఖాదర్ వలీ స్క్రూడ్రైవరును జేబులో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. కోపం రాలేదు. "ఆరు అంగుళాల పలకండి. రబ్బరు నేనే తెచ్చుకుంటాను," అని మాత్రం అన్నాడు.

మంగళవారం కూడా పద్నాలుగుగారు లేవలేదు. సెలవు చీటీ కూడా పెట్టలేదు. కాబట్టి మెమో సిద్ధమైంది. నేనే టైపు చేసేవాణ్ణి గాని, టైపు చేసేది ఆయన మీదే కనక చేత్తో రాశాను: "శ్రీ పద్నాలుగు, ముందస్తు అనుమతి లేకుండా విధులకు దూరముగా ఉన్నందున తమపై క్రమశిక్షణా చర్య ఎందుకు తీసుకొనరాదో ఇరువది నాలుగు గంటలలో సంజాయిషీ ఇవ్వవలెను." దాన్ని కీబోర్డు మీద పెట్టి పావుగంట ఎదురుచూశాం. అందుకున్నట్టు సంతకం రాలేదు. మెమో తీసుకోవడానికి నిరాకరించిన ఉద్యోగి నివాసం తలుపుకు అంటించాలని నిబంధన. పద్నాలుగుగారికి తలుపు లేదు. అందువల్ల ఆయన ఒంటికే, గాలి వెళ్ళే కన్నాల మీద, జిగురు పెట్టి అంటించాం.

సత్యవేణి ఆ రోజు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంది. సాయంత్రం దాకా కదల్లేదు. ఒకసారి మాత్రం లోపలికి వచ్చి ఆఫీసరుగారి ముందు నిలబడింది.

"సార్, చేత్తో రాసి సంతకం పెట్టి ఇవ్వండి సార్. నేనిక్కడే పుట్టానని మీకు తెలుసు. మీ ఇంటికి కొబ్బరికాయలు దింపేది నేనే."

విశ్వంభరరావుగారి ముఖం నిజంగానే బాధగా మారింది. "అమ్మా, వ్యక్తిగా నాకు తెలుసు. అధికారిగా తెలియదు. అధికారిగా నాకు ఏది తెలియాలన్నా పద్నాలుగుగారి ద్వారానే తెలియాలి."

"ఆయనగారు లేవకపోతేనండీ?"

"కోలుకుంటారని ఆశిద్దాం."

ఆమె బయటికి వచ్చి నా కిటికీ దగ్గర ఆగింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు. చేతుల మీద మోకు ఒరుసుకున్న గుర్తులున్నాయి, వాటిని చూసుకుంటూ, "పరీక్షలో వాళ్ళు గాలికి ఎదురు పంపారండి. అదే తేలిగ్గా ఉంది," అంది.

బుధవారం ఎదురుగా ఉన్న ప్రభుత్వాసుపత్రి నుంచి డాక్టరు సుహాసినిగారు వచ్చారు. "సహోద్యోగి స్పృహ కోల్పోయి మూడు రోజులు" అని ఆఫీసరుగారు రాసిన ఉత్తరం చదివి, స్టెతస్కోపు తీసుకుని పరుగులాంటి నడకతో వచ్చారు. రోగి ఎక్కడని అడిగితే నేను చూపించాను.

"నన్ను ఇందుకు పిలిచారా?"

"సర్క్యులరు మూడో పేరా చూడగలరు," అంటూ విశ్వంభరరావుగారు కాగితం అందించారు. ఆవిడ చదివారు. అరుగు మీద సత్యవేణి, ఖాదర్ వలీ పక్కపక్కన కూర్చుని లోపలికే చూస్తున్నారు. డాక్టరుగారు వాళ్ళ దగ్గరికి వెళ్ళి రెండు నిమిషాలు మాట్లాడి తిరిగొచ్చారు. వచ్చాక ఆవిడ పద్ధతి మారిపోయింది. మీట నొక్కి, స్టెతస్కోపు రేకు మీద ఆనించి విన్నారు.

"మూడు కూతలు. ప్రాణం ఉంది. జ్ఞాపకశక్తి పట్టు తప్పింది." వైద్య ధ్రువపత్రం ఫారం తీసుకుని రాశారు: "రోగికి తక్షణం రబ్బరు చికిత్స అవసరం. ఒక్కసారి రుద్దితే చాలును. చికిత్స చేయుటకు శ్రీ ఖాదర్ వలీ సమర్థుడు."

ఇక అయిపోయిందనుకున్నాం. ఖాదర్ వలీ లేచి చొక్కా దులుపుకున్నాడు కూడా. విశ్వంభరరావుగారు ఫారాన్ని వెలుగులో పెట్టి చదివి, బీరువాలోంచి లావుపాటి సేవా నిబంధనల పుస్తకం తీసి, వేలు పెట్టి ఒక పేజీ కిందిదాకా వెతికారు.

"డాక్టరుగారూ, ఉద్యోగులకు ఆమోదించిన చికిత్సల జాబితాలో రబ్బరు చికిత్స లేదు. ఆయుర్వేదం ఉంది, ప్రకృతి వైద్యం ఉంది. రబ్బరు లేదు. ప్రధాన కార్యాలయానికి రాసి స్పష్టత కోరతాను."

డాక్టరుగారు బ్యాగు భుజానికి తగిలించుకుని, "అత్యవసరమైతే కబురు చేయండి. రోడ్డు దాటితే నేనే," అన్నారు. ఆ మాట ఆఫీసరుగారితో కాక సత్యవేణితో అన్నారు.

గురువారం ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. చికిత్స సంగతి తర్వాత, ముందు వైద్య సెలవు దరఖాస్తు ఏదని అడిగారట. ఉద్యోగి స్పృహలో లేకపోతే దరఖాస్తు మీద జీవిత భాగస్వామి సంతకం చేయాలి. పద్నాలుగుగారి సర్వీసు పుస్తకంలో వైవాహిక స్థితి గడి ఖాళీగా ఉంది.

విశ్వంభరరావుగారు ప్రింటరు వైపు చాలాసేపు చూశారు.

"పదేళ్ళుగా ఒకే బల్ల మీద ఉన్నారు కదా పేరయ్యగారూ."

"ఉన్నారండి. మధ్యలో తీగ కూడా ఉంది."

"ఆయన చెప్పింది ఆవిడ కాదన్న సందర్భం ఏదైనా ఉందా?"

"కాగితం ఇరుక్కున్నప్పుడు తప్ప లేదండి."

ఆయన కొంత ఊరట పొందారు. కాని పెళ్ళి నమోదు కావాలంటే ఇద్దరికీ నివాస ధ్రువపత్రాలు కావాలి. అవి పద్నాలుగుగారే ఇవ్వాలి. విశ్వంభరరావుగారు కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ క్షణంలో నాకు ఆయన మీద జాలి వేసింది. ఒక మనిషి తను కట్టుకున్న గదికి తలుపు పెట్టడం మరిచిపోతే అలాగే ఉంటాడు.

అదే సమయంలో సత్యవేణి నా కిటికీ ముందు నిలబడి, "ఆ లావు పుస్తకం ఒకసారి చూడొచ్చాండి?" అని అడిగింది. ప్రజలు చూడకూడదని ఎక్కడా రాసి లేదు. ఇచ్చాను. ఆమె అరుగు మీద కూర్చుని వేలితో ఒక్కొక్క వరసా కూడబలుక్కుంటూ సాయంత్రం ఆఫీసు మూసేదాకా చదివింది. ఖాదర్ వలీ పక్కన కూర్చుని కష్టమైన మాటలకు అర్థం చెప్పాడు. ఇద్దరికీ తెలియనివి నన్ను అడిగారు. నాకూ తెలియనివి కొన్ని ఉన్నాయి.

శుక్రవారం ఉదయం పదకొండు దాటింది. ఐదింటిలోపు జిల్లా కేంద్రం చేర్చే చివరి బస్సు ఒంటిగంట నలభైకి. ఆఫీసరుగారు తన గదిలో మూడో ఉత్తరం రాసుకుంటున్నారు. సత్యవేణి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, నూట ఎనిమిదో పేజీ మీద వేలు ఉంచింది.

"ఇది చదవండి పేరయ్యగారూ."

చదివాను. విధుల్లో ఉండగా ఉద్యోగి మరణించినట్లయితే, వైద్యాధికారి ధ్రువీకరించిన వెంటనే, ఎటువంటి జాప్యమూ లేకుండా పార్థివ దేహాన్ని సంబంధీకులకు అప్పగించవలెను.

"వెంటనే అని ఉందండి. ఆ పుస్తకం మొత్తంలో వెంటనే అన్న మాట ఇదొక్క చోటే ఉంది."

"కాని ఆయన పోలేదు కదమ్మా. మీట నొక్కితే కూతలు వస్తున్నాయి."

సత్యవేణి గోడ ప్లగ్గు వైపు చూసింది. ఖాదర్ వలీ కూడా అటే చూశాడు. వాళ్ళిద్దరూ కిటికీకి బయట ఉన్నారు. ప్లగ్గు నా కుర్చీ వెనక ఉంది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఫైలులో రాయకుండా నేను చేసిన పని లేదు. టీ తాగడానికి వెళ్ళినా చీటీ పెట్టి వెళ్ళేవాణ్ణి. ఆ పూట ఆ కిటికీలోంచి ఆమె చేతులు కనపడుతున్నాయి. లేచాను. కింద పడిన పెన్ను తీసుకుంటున్నట్టు వంగి ప్లగ్గు పీకేశాను.

తర్వాత ఆయన గదిలోకి వెళ్ళి, "అయ్యా, పద్నాలుగుగారికి కూతలు ఆగిపోయాయండి," అన్నాను. నా గొంతు వణికింది. అది నటన కాదు.

డాక్టరు సుహాసినిగారు రోడ్డు దాటి వచ్చారు. మీట నొక్కారు. స్టెతస్కోపు పెట్టారు. వంగి నా కుర్చీ వెనక్కి చూశారు, ప్లగ్గు పడి ఉన్న చోట ఒక్క క్షణం ఆగారు, నా వైపు చూశారు. నిటారుగా నిలబడి ఫారం మీద రాశారు: "ఎటువంటి చలనమూ లేదు." కింద సంతకం, సమయం.

విశ్వంభరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కంట్లో నిజంగానే తడి ఉంది. "రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. అనంతరం సంతాప సూచకంగా కార్యాలయానికి సెలవు ప్రకటిస్తున్నాను."

సెలవు సంగతి మేమెవరం ఆలోచించలేదు. ఆఫీసు మూసేస్తే ఇక ఈ రోజు కాగితం లేదు. రెండు నిమిషాల మౌనంలో సత్యవేణి కిటికీ ఊచ పట్టుకుని తల వంచుకుని నిలబడింది. మౌనం అయ్యీ అవగానే మాట్లాడింది.

"సార్, తలుపులేసే ముందు శవాన్ని అప్పగించాలండి. నూట ఎనిమిదో పేజీ."

ఆయన పుస్తకం తెరిచి చూశారు. "నిజమే. కాని సంబంధీకులు ఎవరూ లేరే."

ఖాదర్ వలీ ముందుకు వచ్చాడు. "నేనున్నానండి. అట్టపెట్టెలోంచి ఈ లోకంలోకి తీసింది నేనే. మొదటిసారి కళ్ళు తెరిపించింది నేనే."

అప్పగింత రసీదులో మృతుడితో సంబంధం అన్న గడి దగ్గర విశ్వంభరరావుగారు కొంచెం ఆలోచించి "బాల్యం నుంచి పరిచయస్తుడు" అని రాయించారు. సాక్షి సంతకం నాది.

పన్నెండు దాటి యాభై నిమిషాలకు ఖాదర్ వలీ పద్నాలుగుగారిని రెండు చేతుల్లో ఎత్తుకుని అరుగు మీద పెట్టాడు. మెమో చింపి, పక్క రేకు విప్పాడు. లోపల పదేళ్ళ దుమ్ము పరుపులా ఉంది. నోటితో ఊది, ఆ చిన్న పలక బయటికి లాగాడు. రబ్బరు కోసం జేబులు తడుముకున్నాడు. లేదు. నా బల్ల మీది పెన్సిలు రబ్బరు ఇచ్చాను. అటు నాలుగు సార్లు, ఇటు నాలుగు సార్లు రుద్ది, పలకను మళ్ళీ దాని గాడిలో పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. టక్కుమంది. తెర, కీబోర్డు, ప్రింటరు తెచ్చి తగిలించి, కిటికీలోంచి తీగ లాగి కరెంటు ఇచ్చాం. మీట నొక్కాడు.

ఒక్క చిన్న కూత వచ్చింది. తెర వెలిగింది.

మొత్తం నాలుగు నిమిషాలు పట్టింది. రెండు నిమిషాలు దుమ్ముకే పోయాయి.

విశ్వంభరరావుగారు గడప దగ్గర నిలబడి ఇదంతా చూశారు. ఆయన ముఖంలో మొదట సంతోషం వచ్చింది, వెంటనే తగ్గిపోయింది. "మరణించిన ఉద్యోగి విధులకు హాజరు కావడానికి నిబంధనల్లో ఆస్కారం లేదు. ధ్రువీకరణ అయిపోయింది. వారిని నేను ఏ హోదాలో లోపలికి తీసుకోను?"

"లోపలికి తీసుకోవద్దండి," అంది సత్యవేణి. "మీ ఉద్యోగి పోయాడు. ఇది ఖాదర్ బాబాయిగారి మిషను. మామూలు మిషను."

మిషను అన్న మాటకు ఆయన ఉలిక్కిపడ్డారు. ఆ మాట విని ఐదు వారాలు దాటింది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, కొత్తలో చదివిన ఒక పాత నియమం. "అయ్యా, ఆఫీసు టైపు మిషను పాడైనప్పుడు బయటివారి టైపు మిషను వాడుకోవచ్చని ఒక ఉత్తర్వు ఉండాలండి. మనిద్దరం సర్వీసులో చేరకముందుది."

ఆయన లోపలికి వెళ్ళారు. బీరువా కింద అరలోంచి దారంతో కట్టిన కట్ట ఒకటి తీశారు. ఒక్కొక్క కాగితం విప్పుతుంటే అంచులు పొడి పొడిగా రాలాయి. ఒంటిగంటా పదిహేను అయింది. సత్యవేణి రోడ్డు వైపు చూసింది, మళ్ళీ ఆయన వైపు చూసింది. ఒంటిగంటా ఇరవై. ఒక పసుపుపచ్చ కాగితం దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. పెదవులు కదుపుతూ రెండు సార్లు చదివారు.

"ఉంది," అన్నారు. నిబంధనకు వ్యతిరేకంగా పోకుండా మంచి పని చేయగలిగిన మనిషి ముఖం ఎలా వెలుగుతుందో అప్పుడు చూశాను. "ఇంకా రద్దు కాలేదు. టైపు మిషను మరియు తత్సమాన యంత్రములు అని స్పష్టంగా ఉంది. పేరయ్యగారూ, త్వరగా. ఆ అమ్మాయికి బస్సు వేళవుతోంది."

అరుగు మీద నిలబడే వివరాలు ఎక్కించాను. ఆయన తన డిజిటల్ సంతకం ఉన్న చిన్న తాళాన్ని మిషనుకు తగిలించి, రహస్య సంకేతం కొట్టారు. ఒంటిగంటా ఇరవై తొమ్మిదికి కాగితం బయటికి వచ్చింది. సత్యవేణి దాన్ని చీర చెంగుతో తుడిచి మడిచి, మా ముగ్గురికీ ఒకే దండం పెట్టి బస్టాండు వైపు పరిగెత్తింది. నాలుగున్నరకు జిల్లా కేంద్రం నుంచి ఖాదర్ వలీకి ఫోను చేసింది. కాగితం తీసుకున్నారట.

ఆ తర్వాత మా ఆఫీసులో పెద్ద మార్పేమీ లేదు. పద్నాలుగుగారి ఫొటోకు దండ వేసి గోడకు తగిలించాం. ఖాళీ అయిన స్థానానికి ప్రకటన ఇవ్వమని రాశాం, ఇంకా జవాబు రాలేదు. ఈలోగా ఖాదర్ వలీగారి మిషను ఫొటో కిందనే పెట్టుకుని ధ్రువపత్రాలు ఇస్తున్నాం. వచ్చినవాళ్ళు కొందరు ఫొటోలోని గీతనూ మిషను మీది గీతనూ మార్చి మార్చి చూస్తారు. అడిగితే కవలలని చెబుతాను.

ఆగస్టు చివర నేనూ విశ్వంభరరావుగారూ అవతలి ఒడ్డుకు తనిఖీకి వెళ్ళాం. ఏరు ఎర్రగా, నిండుగా ఉంది. పంటు మీద రెండు ఆటోలు, పాతికమంది జనం, మేమిద్దరం. చుక్కాని దగ్గర సత్యవేణి. మమ్మల్ని చూసి నవ్వి, "కూర్చోండి సార్," అని మళ్ళీ నీళ్ళ వైపు తిరిగింది.

సరిగ్గా మధ్యలో ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. ఒక్కసారిగా నిశ్శబ్దం. తర్వాత నీళ్ళు పంటు అంచుకు కొట్టుకునే చప్పుడు. గట్టు మీద చెట్లు నెమ్మదిగా పక్కకు జరగడం మొదలైంది. ప్రవాహం మమ్మల్ని సముద్రం వైపు తీసుకెళ్తోంది.

"ఎవరూ లేవకండి. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోండి," అంది సత్యవేణి. చుక్కాని తాడుతో బిగించి, ఇంజను మూత ఎత్తి పక్కన పెట్టి, స్క్రూడ్రైవరు పళ్ళ మధ్య కరుచుకుని మోచేతి దాకా చెయ్యి లోపల పెట్టింది. ఆ ఇంజను రేవుల శాఖది. దాని మీద "అనుమతి లేనిదే తెరవరాదు" అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది.

విశ్వంభరరావుగారు ఆ అక్షరాలు చదివారు. అలవాటు ప్రకారం సగం లేచారు. చెట్లు మరికాస్త వేగంగా జరిగాయి. ఆయన పక్కనున్న కమ్మీ పట్టుకుని మళ్ళీ కూర్చున్నారు.

ఆమె ఒక సన్నటి గొట్టం ఊడదీసి, నోటితో పీల్చి, మడ్డి నూనె ఉమ్మేసి, మళ్ళీ బిగించింది. ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"ఆవిడ అనుమతి తీసుకుందంటారా?"

"లేదండి."

ఇంజను అందుకుంది. పంటు ఒక్కసారి కుదుపు ఇచ్చి ఒడ్డు వైపు ముక్కు తిప్పింది. పాతికమందీ ఊపిరి వదిలారు. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుని, కావాలని ఇంజనుకు వీపు పెట్టి ఏటి వైపు తిరిగి కూర్చున్నారు.

"మనం చూడలేదు పేరయ్యగారూ," అన్నారు.

నేనూ అటే తిరిగి కూర్చున్నాను.